గుమ్మం బయట మంచినీళ్లు

వండూర్, పోర్ట్ బ్లెయిర్,
ఆదివారం ఉదయం.

బావకి,

నీ కనకం దండం పెట్టి రాసుకునేది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ, నీతో రోడ్డు పని చేసేవాళ్లూ అక్కడ బాగున్నారని తలుస్తాను. ఎప్పుడూ రాసే మాటే అయినా ఈసారి ‘క్షేమం’ దగ్గర పెన్ను ఆగింది. అందరం ప్రాణాలతో ఉన్నాం కాబట్టి రాయొచ్చనుకొని రాశాను. మిగతాది ఉత్తరం మొత్తం చదివి నువ్వే తేల్చుకో. ఒక్కటి అడుగుతున్నాను. మధ్యలో కోపం వచ్చి మడిచి జేబులో పెట్టేసుకోకు. నీకు ఆ అలవాటుంది. చివరిదాకా చదువు.

నీ ఉత్తరం అందింది. ఓడలో వంటపని చేసే సుభాష్ భయ్యా దిగిన రోజే బీచ్ పక్కన మన టీ దుకాణానికి వచ్చి చొక్కా లోపలి జేబులోంచి తీసిచ్చాడు. దీన్నీ ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోను చేద్దామంటే క్యాంబెల్ బేలో నువ్వు కొండెక్కితే గానీ టవర్ దొరకదు. దొరికినా హలో హలో అనుకోవడంతోనే సరిపోతుంది. అయినా ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. ఈమధ్య ఫోను పట్టుకోవాలంటేనే నాకు చెయ్యి రావడం లేదు. ఎందుకో రాస్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

వంటింటి రేకు బాగుచేయించావా అని అడిగావు. చిట్టిబాబు ఎక్కి బిగించాడు. ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. మీ తమ్ముడికి నిన్నటిదాకా చేతినిండా తీరికే. చేపల వేటకి వెళ్లలేదు. అదెందుకో కింద వస్తుంది.

అత్త మోకాళ్లకి నూనె రాస్తున్నాను. నువ్వు పంపిన సీసా సగమైంది. మెట్లు దిగేటప్పుడే కాస్త ఇబ్బంది. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు, ఆ విషయంలో బెంగపడకు.

చిన్నికి ఫోను ఇవ్వొద్దని మళ్లీ రాశావు. అది పాఠాలు చూసుకోవడానికి నాది తీసుకుంటుంది, చూసుకొని తెచ్చిచ్చేస్తుంది. ఫోను చేతికిస్తే పిల్లలు పాడైపోతారని మనం ఊరికే వాళ్లని కాపలా కాస్తాం. పెద్దవాళ్ల చేతిలో ఉన్న ఫోనుకి కాపలా ఎవరూ లేరు. ఈ మాట నీ మీద అనడం లేదు.

ఇక నువ్వు కిందగీత గీసి మరీ అడిగిన సంగతి. కళ పుట్టింట్లో ఎందుకుంది, తోడికోడళ్లిద్దరూ పోట్లాడుకున్నారా అన్నావు. మేం పోట్లాడుకోలేదు. ఓడ మనుషులు నీకు చెప్పింది సగమే. మొదటినుంచీ రాస్తాను.

గంగమ్మ పండగకి ముందు వారం పడమటి గాలి ఒక్కసారిగా లేచింది. పొద్దున్నుంచీ టూరిస్టు బోట్లు ఆపేశారు, జెట్టీ ఖాళీ. చిట్టిబాబూ, వాడితో బోటెక్కే లక్ష్ముడూ అప్పటికే వేటలో ఉన్నారు. మధ్యాహ్నానికి రావాల్సినవాళ్లు రాలేదు. ఫోన్లు కలవలేదు. సాయంత్రం టాక్సీ నడిపే అబ్బాయి ఒకడు బీచ్ అవతల రాళ్ల దగ్గర ఫోటో తీశాడు. రాళ్ల మీద తిరగబడి పడున్న బోటు, దాని పక్కభాగం మీద మనవాటికి ఉన్నట్టే నీలం పట్టీ. ఆ ఫోటో మన వాడవాళ్లొకరి ఫోనుకి చేరింది. అక్కడినుంచి వీరన్నకి వెళ్లింది. వలలూ, ఐసూ అమ్ముకునే వీరన్నే కదా మన గ్రూపు నడిపేది. అతను దాన్ని గ్రూపులో పెట్టాడు. ఫోటో కింద ఇలా ఉంది: ‘చిట్టిబాబు బోటు. ఎవరూ మిగల్లేదు.’

వాడలో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయట. కళ అప్పుడు కుళాయి దగ్గర ఉంది. అది ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కోవాలి. పక్కనున్న దుర్గకి ఫోను ఇచ్చి, “ఏటి రాసినారో సదువు దీదీ” అంది. ఆ దుర్గ పిల్లకి మాత్రం ఏం తెలుసు. ఒకటో తరగతి పాఠం చదివినట్టు ఒక్కొక్క మాటే పైకి చదివింది. చివరి మాట అయ్యేసరికి కళ రెండు చేతులూ కుళాయి గట్టుకేసి కొట్టేసుకుంది. పట్టుకునేలోపే గాజులన్నీ ముక్కలు. నుదుటి బొట్టు చెరిపేసుకుంది. గాజు పెంకు మణికట్టులో దిగి నెత్తురు కారుతుంటే ఆ నెత్తురుతోనే కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున చిట్టిబాబూ లక్ష్ముడూ నడుచుకుంటూ వచ్చారు. గాలి లేవగానే ఒక దీవి చాటుకి పోయి ఇంజిను ఆపేసి రాత్రంతా అక్కడే ఉండిపోయారట. చిట్టిబాబు చేతిలో చేపల బుట్ట కూడా ఉంది. తిరగబడింది మన బోటు కాదు. పోయిన ఏడు మన వాడనుంచి అవతలి తీరంవాళ్లు కొనుక్కుపోయిన బోటు అది. తాడు తెగి ఖాళీగా కొట్టుకొచ్చింది. అది అమ్మకముందు ఒక పండగకని నువ్వు తెచ్చి పంచిన నీలం రంగు డబ్బాలు గుర్తున్నాయా? వాడలో సగం బోట్లకి ఆ నీలమే.

కొడుకుని చూడగానే అత్త నేలమీద పడి ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంతోనే. తర్వాత తలెత్తితే గుమ్మంలో కళ కనిపించింది, బోసి నుదురు, బోసి చేతులతో. అత్త గొంతు మారిపోయింది.

“బతికున్న మొగుడికి గాజులు పగలగొట్టీసుకున్నావేటే? ఆడొచ్చే దాకా ఆగలేకపోనావా? నా కొడుకు ఆయుస్సు ఏటైపోవాల?”

 చిట్టిబాబే అడ్డం పడ్డాడు. “ఛోడో అమ్మా, వొదిలీ, వొచ్చీసినాను కదా” అన్నాడు. అత్త వినలేదు. ఆ మధ్యాహ్నమే కళని బంబూఫ్లాట్లో వాళ్లమ్మ ఇంటికి పంపేశారు. గాజు ముక్కకీ మగాడి ఆయుష్షుకీ ముడేమిటని నువ్వంటావు. నువ్వు ఇంటి దగ్గర ఉన్నప్పుడు నేనూ అంటాను. మనవాళ్లు నీళ్ల మీద ఉన్నప్పుడు అనలేను. అత్త కూడా అనలేకపోయింది. సముద్రం ఆమె దగ్గర ఒకర్ని తీసుకుంది కదా.

అంతటితో ఆగలేదు. లక్ష్ముడు చిట్టిబాబుతో బోటెక్కనన్నాడు. “నీ మీద కోపం నేదు భయ్యా. నీకు ఇంటికాడ అన్నీ జరిగిపోనాయి. నాకు పిల్లలున్నారు” అని మొహం మీదే చెప్పాడు. మిగతా బోట్లవాళ్లూ అదే మాట. అప్పటినుంచీ చిట్టిబాబు వలలు అల్లుకుంటూ ఇంట్లోనే ఉండిపోయాడు. అన్నం దగ్గర కూడా నోరు విప్పేవాడు కాదు. పెళ్లాం అక్కడ, వీడిక్కడ, బోటు ఒడ్డున బోర్లా.

మగవాళ్లందరూ కలిసి వీరన్న కొట్టు మీదికి వెళ్లారు. ఫోటో ఎవరు పంపారో చెప్పమన్నారు. “గ్రూపులో ఎట్టింది నాను. అనవలసింది నన్ననండి. ఎవులు పంపినారో సెప్పను” అన్నాడు. ఎంత అరిచినా అంతే. గ్రూపు పెత్తనం లాగేసుకున్నారు, అతని దగ్గర ఐసు కొనడం మానేశారు. నీకు తెలిసింది ఇక్కడిదాకానే. దీన్ని పట్టుకొనే నువ్వు వచ్చాక వీరన్న సంగతి చూస్తానని రాశావు. ‘ఆ వార్త పుట్టించిన మనిషి ఎవరైనా సరే, మన గడప తొక్కడానికి వీల్లేదు’ అని కూడా రాశావు. ఆ వాక్యం నాకు చూడకుండా వచ్చేసింది, అన్నిసార్లు చదివాను.

ఇలాంటి మాట ఒక ఇంటికి ఎలా చేరాలో మన వాడలో ఒక పద్ధతుంది. మామ సముద్రంలో పోయినప్పుడు రమణయ్య బాబాయి ఏం చేశాడో అత్త ఎన్నిసార్లు చెప్పిందో. వార్త తెలిసీ పరుగెత్తుకు రాలేదాయన. మెల్లగా నడిచొచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయట నిలబడి మంచినీళ్లు అడిగాడు. తెలిసినవాడు గుమ్మం బయట నిలబడి నీళ్లడిగాడంటేనే ఇంట్లోవాళ్లకి అర్థమవుతుంది. నీళ్లు తెచ్చేలోపు పక్కిళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అత్త చుట్టూ కూర్చున్నారు. ఒకరు భుజం పట్టుకున్నారు, ఒకరు నిన్ను ఎత్తుకున్నారు. అప్పుడు చెప్పాడు. ఆ నీళ్ల గ్లాసు అందుకునేంత వ్యవధి ఇవ్వబట్టే తాను బతికానని అత్త అంటుంది. ఇక్కడ ఆ వ్యవధి కళకి ఎవరూ ఇవ్వలేదు.

చివరికి అత్తే, వాడకి పెద్ద కాబట్టి, రమణయ్య బాబాయి దగ్గరికి వెళ్లింది. కొడుకుని అలా చూడలేకపోయింది. ఆయన ఇలా చెప్పాడు. “గాజులు పగలగొట్టుకున్న పిల్ల తప్పు నేదు. దానికి సావు కబురు సెప్పినారు, అది నమ్మింది. ఆ కబురు తెచ్చినోలే మీ గుమ్మం ముందర నిలబడి, నలుగురూ వింటుండగా, ఆ కబురు ఎనక్కి పట్టుకుపోవాల. ఆనక ముత్తయిదు తన సేతి గాజులు తీసి దాని సేతికి ఎయ్యాల. అప్పుడు పిల్ల లోపలికొస్తాది, కుర్రోడు బోటెక్కుతాడు.” దానికి అందరూ సరేనన్నారు. నిలబడాల్సింది వీరన్నే అనుకున్నారు. శనివారం అని ముహూర్తం పెట్టారు.

కళని పిలుచుకురావడానికి నన్నే పంపారు. పోర్ట్ బ్లెయిర్ దాకా బస్సు, చాతం నుంచి ఫెర్రీ. ఫెర్రీలో స్కూటర్ల మధ్య నిలబడి అవతలి ఒడ్డు ఇంకాస్త దూరమైతే బాగుండుననుకున్నాను. కళ నన్ను చూసి ఏడవలేదు. చిట్టిబాబు తింటున్నాడా అని అడిగింది. మణికట్టు మీద గాయం మానింది, మచ్చ మిగిలింది. శనివారం సంగతి చెప్పాను. 

“వీరన్న భయ్యా వాడలో కొట్లో ఉన్నాడు. ఫోటో మాత్రం బీచ్ కాడ ఉన్నోలు పంపినారు కదా అక్కా. మత్లబ్, మనోలే ఎవరో” అంది. “ఎవరో తెలిసిందా?”

నేను తల వంచుకొని లేదన్నట్టు ఊపాను.

“అక్కడినించి మన ఇల్లు ఎంత దూరం? నడిసొస్తే కుళాయికాడికి వచ్చీవోలు. ఒక్క మనిసి నడిసి రాలేదు సూడు. ఎవరైనా వచ్చి నా సేతులు పట్టుకొని సెప్తే నేను కొట్టుకుందునా?”

బావా, ఇంతవరకూ చదివావంటే ఇంకొంచెం ఓపిక పట్టు. మన వాడవాళ్లొకరి ఫోనుకి ఫోటో చేరిందని పైన రాశాను. ఆ ఫోను నాది. వీరన్నకి పంపింది నేను. ఫోటో కింద ఆ రెండు ముక్కలూ రాసింది నేను.

ఆ టాక్సీ అబ్బాయి దుకాణం ముందు బండి ఆపి, “దీదీ, యే ఆప్ లోగోం కా బోట్ హై క్యా?” ఇది మీవాళ్ల బోటేనా అని చూపించాడు. నీలం పట్టీ చూశాను.  ఫోటో నా ఫోనులోకి వేయించుకున్నాను. గ్రూపులో నేనే పెట్టేదాన్ని, కానీ వేసవిలో నేను చేసిన నిర్వాకం నీకు తెలుసు కదా. ఎప్పటిదో పాత మెసేజీ పట్టుకొని ఓడ రద్దయిందని పంపేశాను. అది నమ్మి ఒక కుటుంబం జెట్టీకి వెళ్లలేదు, ఓడ తప్పిపోయింది. అప్పటినుంచే వీరన్న గ్రూపులో వేరేవాళ్లు ఏమీ పెట్టకుండా కట్టుదిట్టం చేశాడు. ఏదున్నా తనకి పంపితే చూసి తనే పెడతాడు. ఆరోజు మాత్రం చూడలేదు. నా ఇంటి సంగతి నేను తప్పు చెప్తానా అనుకున్నాడు. అందులో అతని తప్పేముంది.

ఇన్నాళ్లూ నాకు నేను ఒక మాట చెప్పుకుంటూ వచ్చాను. వెతకడానికి బోట్లు పంపమనే కదా రాశాను అని. అది నిజమే, రాశాను. కానీ ముందు రాసింది అది కాదు. ముందు ‘చిట్టిబాబు బోటు. ఎవరూ మిగల్లేదు’ అని కొట్టి పంపాను. ఆ తర్వాత ‘బోట్లు పంపండి’ అని కొట్టాను. టవర్ సరిగ్గా లేక రెండోది వెంటనే వెళ్లలేదు. వెళ్లేసరికి మొదటిది వాడంతా తిరిగేసింది. ఆ ఫోటోలో మనిషి లేడు. బోటు కింద ఎవరున్నారో చూసినవాళ్లు లేరు. అయినా ఎవరూ మిగల్లేదని ఎందుకు రాశానో ఎంత ఆలోచించినా నాకు ఒకటే తేలుతోంది. అప్పుడు నా కళ్లనిండా నీళ్లున్నాయి, అది నిజం. ఈ కబురు ముందు నా దగ్గరే ఉందన్న తొందర కూడా ఉంది, అదీ నిజం. ఓడ ఎప్పుడొస్తుందో, రేషను ఎప్పుడిస్తారో, ఏ కబురైనా ముందు నేనే చెప్పాలి నాకు. నువ్వు నన్ను వండూర్ రేడియో అని ఏడిపిస్తావు. నాకు అది పొగడ్తలా ఉండేది.

దుకాణం కట్టేసి నడిచినా ఇంటికి చేరిపోయేదాన్ని. నేను కళకి అక్క వరస. వెళ్లి గుమ్మం బయట నిలబడి నీళ్లడగాల్సింది నేనే. నాకు పద్ధతి తెలియక కాదు.

చిట్టిబాబు తిరిగొచ్చిన రోజే వీరన్న దగ్గరికి వెళ్లాను. నా పేరు ఎక్కడ బయటపెడతాడోనన్న భయంతో వెళ్లాను, దాచడం దేనికి. అతను ఐసు కొడుతూ తల కూడా ఎత్తలేదు. “నువ్వు ఇంటికెల్లిపో తల్లీ. నీ మొగుడు అప్పలరాముడు ఊల్లో నేడు. నీ పేరు నా నోటంట రాదు. నాకేటి, నాల్రోజులు తిడతారు, మర్సిపోతారు” అన్నాడు. వాళ్లు మర్చిపోలేదు. కొట్లో ఐసు కరిగి కాలువలో పోతుంటే అటువైపు వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. చూస్తూ నా టీ నేను అమ్ముకున్నాను. ఆరోజు అతని మాట విని ఇంటికొచ్చాక నాకు ఆకలేసింది. మారు అన్నం పెట్టుకొని తిన్నాను. ఈ మాట రాయడానికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుగా ఉంది.

శనివారం, అంటే నిన్న, వాడంతా మన వాకిట్లో ఉంది. కళా చిట్టిబాబూ బయట నిలబడ్డారు. ఇన్నాళ్లకి పక్కపక్కన నిలబడినా ఒకరినొకరు చూసుకోలేదు. అత్త గుమ్మంలో కుర్చీ వేసుకుంది. గాజులు ఇవ్వాల్సిన ముత్తయిదువని నేనే కాబట్టి పసుపు పళ్లెం పట్టుకొని లోపల నిలబడ్డాను. నీ ఉత్తరం నా రవికెలో ఉంది. వీరన్న వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. గుమ్మం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“కాసులమ్మత్తా, మీ ఇంటికి నాను తెచ్చిన కబురు…”

“ఆగు వీరన్నా” అన్నాను. “ఆ కబురు నీది కాదు.”

పళ్లెం అత్త ఒళ్లో పెట్టి గడప దాటి బయటికి వచ్చాను. వీరన్న “ఒద్దమ్మా” అంటున్నాడు. అతన్ని పక్కకి జరగమని అతని చోట్లో నిలబడ్డాను. ఫోటో పంపింది నేనని, చూడని మాట రాసింది నేనని, వీరన్న నా మర్యాద కోసం ఇన్నాళ్లూ తిట్లు తిన్నాడని చెప్పాను.  చిన్ని కిటికీలోంచి నన్నే చూస్తోంది. అత్త నోరు తెరిచింది, మాట రాలేదు. ఆ నోరు మూగబోవడం నేను ఇన్నేళ్లలో చూడలేదు.

రమణయ్య బాబాయి ఒక్కడే మామూలుగా ఉన్నాడు. “తెచ్చినావు కదా. పట్టుకుపో” అన్నాడు.

“మా మరిది చిట్టిబాబు పోయాడని ఈ ఇంటికి నేను పంపిన కబురు అబద్ధం. నేను చూడలేదు. చూడకుండా చెప్పాను. ఆ కబురు నేనే వెనక్కి తీసుకుపోతున్నాను” అన్నాను. 

అప్పుడు కళ మొహం చూశాను. అంతకుముందు చూసే ధైర్యం లేదు. నేను తిడుతుందనుకున్నాను, లేకపోతే పట్టుకొని ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

“పంపినందుకు కాదక్కా. నువ్వు భయపడి ఉంటావు, మనిసివే కదా” అంది. “బంబూఫ్లాట్లో నేను అడిగినాను. నువ్వు తలూపినావు. అది మర్సిపోడానికి నాకు టైమ్ కావాల.”

అని చెయ్యి చాపింది.

నా గాజులు తీయడం అంత తేలిగ్గా కాలేదు. ఇన్నాళ్లూ టీ మరిగించిన చేతులు, లావెక్కాయి. అత్త లేచి లోపలికెళ్లి తన మోకాళ్ల నూనె సీసా తెచ్చింది. నా చేతికి రాసి తనే ఒక్కొక్కటీ లాగింది. కొంచెం గట్టిగానే లాగింది. రెండు చేతులనుంచీ సగం గాజులు తీసి నేను కళ చేతికి వేశాను. దాని చేయి సన్నం కదా, వదులుగా ఉన్నాయి. మచ్చ మీదికి జారి ఆగాయి. దుర్గ వచ్చి బొట్టు పెట్టింది. చిట్టిబాబు పెళ్లాం చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకెళ్లాడు.

మిగతా సంగతులు. లక్ష్ముడు వచ్చి చిట్టిబాబు బోటుని తనే తిరగేసి పెట్టాడు. ఇవాళ తెల్లవారగానే ఇద్దరూ వేటకి వెళ్లారు. వీరన్న కొట్టుకి మనుషులు వెళ్తున్నారు, కొందరు ఇంకా మొహం చెల్లక వెళ్లడం లేదు. గ్రూపులో నా పేరు చెప్పుకొని, వాకిట్లో అన్న మాటే నా గొంతుతో పెట్టాను. ఆ ఫోటో ఉత్తరాన రంగత్ దాకా, ఇంకా పైకి వెళ్లిందట. ఎవరెవరికి చేరిందో కనుక్కొని ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్తున్నాను. కొందరు నవ్వుతున్నారు, ఒకావిడ బాగా తిట్టింది. ఫోను పెట్టేయకుండా విన్నాను. ఆ కబురు నీ దాకా కూడా వచ్చింది. తమ్ముడు పోయాడనుకొని నువ్వు కొండ మీద టవర్ కోసం పడిన యాతన సుభాష్ భయ్యా చెప్పాడు. బావా, నీ దగ్గర్నుంచి కూడా ఆ కబురు వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను క్షమించమని అడుగుతున్నాను.

వచ్చే ఓడలో నువ్వొస్తున్నావు. నీకంటే ముందు జెట్టీ మనుషుల మాటలు చేరకూడదని ఇది రాశాను. ఎవరైనా నా చేతికి గాజులు సగమే ఉన్నాయని చెప్తే కంగారుపడకు. ఎక్కడున్నాయో నీకు తెలుసు.

ఇంకొకటుంది. ఆ వార్త పుట్టించిన మనిషి మన గడప తొక్కకూడదని నువ్వు రాశావు. నిన్న వీరన్నని ఆపడానికి గడప దాటి బయటికొచ్చాను కదా, అప్పటినుంచీ లోపలికి వెళ్లలేదు. ఇప్పుడు కూడా అరుగు మీదే కూర్చొని రాస్తున్నాను. రాత్రి వంట దుకాణంలో చేసి పంపాను, చిన్ని నా పక్కనే పడుకుంది. అత్తకి ఒళ్లు మండిపోతోంది. “ఏటే ఈ ఏసాలు, లోపలికి రా. ఆడికి నాను సెప్తాను” అని పొద్దున్నించీ అరుస్తోంది. కళ ఇందాక టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది. నీ మీద పంతంతో కాదు బావా. ఆ మాట నువ్వు ఎవరి గురించో అనుకొని రాశావు. ఎవరి గురించో ఇప్పుడు తెలిసింది కాబట్టి ఉంచుతావో తీసేస్తావో నువ్వే చెప్పాలి. నా అంతట నేను దాటేస్తే మళ్లీ తొందరపడ్డట్టే.

ఓడ దిగి నువ్వు వచ్చేసరికి ఎండగానే ఉంటుంది, దాహమేస్తుంది. ఒక్క పని చెయ్యి. గుమ్మం బయట నిలబడి మంచినీళ్లు అడక్కు, నా గుండె ఆగిపోతుంది. నేరుగా లోపలికి వెళ్లి కూర్చో. కూర్చొని, అక్కడినుంచి నన్ను పిలిచి అడుగు.

ఇట్లు,
గడపకి ఇవతల ఉన్న
నీ మరదలూ పెళ్లామూ
కనకలక్ష్మి